పిన్ని మిల్లు ఉద్యోగం

మా ఇంట్లో వంట చేసే ఆవిడను ఇంటిల్లిపాదీ పిన్ని అని పిలిచేవాళ్ళం. నేను కోడలిగా వచ్చేనాటికే ఆ పిలుపు స్థిరపడిపోయింది. ఎవరైనా ఆవిడను పనిమనిషి అంటే మా అత్తగారు ఊరుకునేవారు కాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మా ఆయన రైస్ మిల్లు లెక్కల కోసం రాజమండ్రిలో ఆడిటరుగారి దగ్గరికి వెళ్తుంటే నేనూ వెళ్ళాను. పిన్నికి ఆరోగ్య బీమా కడదామని నా పట్టుదల. ఆడిటరుగారు తల అడ్డంగా ఊపారు.

"మిల్లులో పనివాళ్ళకి కడితే వ్యాపారం ఖర్చండి, ఆదాయంలోంచి తీసేయొచ్చు. ఇంట్లో వంటావిడకి కడితే మీ సొంత ఖర్చు. పన్నులో పైసా తగ్గదు."

"అదేంటండీ? బియ్యం తూచేవాడికి జబ్బు చేస్తే ఖర్చు, ఆ బియ్యం వండే మనిషికి జబ్బు చేస్తే సరదానా?"

"చట్టం నేను రాయలేదు కదండీ" అని నవ్వి, మా ఆయన వైపు తిరిగారు. "ఆవిణ్ణి కూడా మిల్లు పనివాళ్ళలో కలిపేస్తే పోలా?"

నేను వద్దన్నాను. వద్దంటే వినే మనిషైతే మా ఆయన మిల్లెందుకు పెడతారు! ఊరంతా చేసేదేగా అన్నారు. అలా పిన్ని మా మిల్లులో ఊడ్చే ఉద్యోగంలో చేరిపోయింది. ఈ సంగతి పిన్నికీ, అత్తగారికీ చెప్పడం మాత్రం మర్చిపోయారు.

ఆ వానాకాలం పిన్నికి కడుపునొప్పి పట్టుకుంది. గర్భసంచిలో గడ్డ ఉందని, ఆలస్యం చేస్తే ప్రమాదమని డాక్టరుగారు చెప్పారు. బీమా ఉందన్న ధీమాతో ఆపరేషన్‌కి రోజు కూడా ఖాయం చేసుకున్నాం.

ఈలోగా బీమా కంపెనీ తరఫున ఒకాయన విచారణకు వచ్చాడు. మా ఆయన మిల్లు దగ్గర కాచుకుని ఉన్నారు. ఆ బీమా ఆయనేమో మిల్లుకు దారి అడగడానికి మా గుమ్మం ముందు ఆగాడు. టిఫిన్ వేళకి గుమ్మంలోకి వచ్చిన మనిషిని ఖాళీ కడుపుతో పంపడం మా అత్తగారికి చేతకాదు. కూర్చోబెట్టి పెసరట్టు పెట్టించారు. తింటూ తింటూ ఆయన, "మీ మిల్లులో పనిచేసే ఆవిడకి ఆపరేషనటండీ?" అని అడిగాడు. ఆయన చెప్పిన ఊరూ పేరూ పిన్నివే అయ్యేసరికి అత్తగారికి పౌరుషం పొడుచుకొచ్చింది.

"మిల్లేంటి బాబూ? ఆవిడ మిల్లు గడప తొక్కిన పాపాన పోలేదు! మా పిల్లల్ని ఎత్తుకు పెంచిన మనిషి. అంత నొప్పితోనూ లేచి నువ్వు తినే పెసరట్టు పోసింది ఎవరనుకున్నావు?"

ఆయన రెండో పెసరట్టు కూడా తిని, చెయ్యి కడుక్కుని, అంతా రాసుకుని వెళ్ళాడు. బీమా డబ్బు రాదని కబురొచ్చింది. మా ఆయన తల్లి మీద ఎగిరారు.

"నేను అబద్ధం ఏం చెప్పానురా?" అన్నారు అత్తగారు. ఆయన చెప్పులేసుకుని మిల్లుకు వెళ్ళిపోయారు.

పిన్ని బట్టలు సర్దుకుంది. "మా ఊళ్ళో పసరు మందు ఇచ్చే ఆయన ఉన్నారండి. నా మూలంగా మీకెందుకండీ ఈ గొడవ?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "పిన్నీ, ఇంకోసారి పసరు మాటెత్తావంటే ఊరుకోను" అని సంచీ లాక్కున్నాను. మా ఆయనతో ఒకటే మాట చెప్పాను, ఆపరేషన్ రోజు మారదని. నేను స్కూల్లో టీచర్ని. నా పీఎఫ్ మీద అప్పు తీసుకున్నాను. అనుకున్న రోజుకే ఆపరేషన్ అయింది. గడ్డ చెడ్డది కాదని రిపోర్టు వచ్చినప్పుడు అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. నేనూ ఏడ్చాను.

పిన్ని కోలుకోకముందే మిల్లు పనివాళ్ళలోంచి ఆవిడ పేరు తీయించాను. కోలుకున్నాక, ఆవిడ పేరు మీదే, ఆవిడ చేసే పనే చెప్పి, నా జీతంలోంచి బీమా కట్టాను. ఆడిటరుగారు రసీదు చూసి, "ఇది దేనికీ పనికిరాదండి, టీచరుగారూ" అన్నారు.

"నాకు పనికిరాకపోతే పోనివ్వండి. పిన్నికి పనికొస్తుంది" అన్నాను.

పాలసీ కాగితం వచ్చాక పిన్ని నా చేత చదివించుకుంది.

"మిల్లని ఎక్కడా లేదు కదండీ?"

"లేదు పిన్నీ. మా ఇంట్లో వంట అనే ఉంది."

ఆవిడ కాగితం మడిచి జాగ్రత్తగా రొంటిన దోపుకుని, గొప్ప బరువు దిగినట్టు నిట్టూర్చింది.

"అయితే ఇక ఎవరొచ్చి అడిగినా, పెద్దమ్మగారు ఏం చెప్పినా ఫర్లేదండి."