పలకాకు

గడ్డిచామంతి పేరెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పాపం, ఆ మొక్క చేసిన తప్పేమీ లేదు. నూగు పట్టిన సన్నని కాడ, చివర పసుపుపచ్చ బొట్టు, చుట్టూ నాలుగైదు తెల్లని రేకలు, అంతే. ఒక్క వాన పడితే చాలు, బడి వెనక రాళ్ల సందుల్లో కూడా మొలిచేది. అది మన దేశపు మొక్క కాదనీ, సముద్రం అవతలి నుంచి వచ్చిందనీ మిషను ఆస్పత్రి దొరసాని నాకొకసారి చెప్పింది. వచ్చిననాడు దాని కులమేమిటని ఎవరూ అడిగి ఉండరు. మా ముత్తాతలు ఈ నేలలోనే బావులు తవ్వారు. నన్ను మాత్రం అడిగారు.

వేంపల్లెకు ఆమడ దూరంలో ఒక పల్లె. ఇరవయ్యేళ్ల వయసులో ట్రైనింగు ముగించుకుని అక్కడి బోర్డు బడికి అయ్యవారుగా వెళ్లాను. మేము క్రైస్తవులం, ఊరి లెక్కలో మాత్రం మాలవాళ్లమే. నాకు ముందున్న పంతులు ఎదుట చేతులు కట్టుకుని 'అయ్యవారూ' అన్న పెద్దలే నన్ను 'ఏమప్పా' అన్నారు. ఊరిపెద్ద అయిన పెద్దరెడ్డి షరతు ఒకటే: చదువు చెప్పొచ్చు, పిల్లలనూ వాళ్ల పలకలనూ ముట్టకూడదు. వాళ్లు పలకలు ఎత్తి చూపిస్తే నేను దూరం నుంచే తప్పులు చెప్పాలి. కొట్టడానికి మాత్రం అడ్డు లేదు. "కండ్లు రెండూ వదిలిపెట్టి తోలు వలిచెయ్యప్పా" అనేవాళ్లు. మధ్యలో బెత్తం ఉంది కదా! ఆ షరతుకు నేను తలూపాను. ఇంట్లో అమ్మా, ఇద్దరు చెల్లెళ్లూ నా ఉద్యోగం మీదే బతకాలి.

శనివారం పలకలు నలుపు చేసే రోజు. పిల్లలు గడ్డిచామంతి ఆకు కోసుకొచ్చి, బొగ్గుతో కలిపి నూరి, చెక్కపలకలకు రుద్ది ఎండబెట్టేవాళ్లు. అందుకే అందరూ దాన్ని పలకాకు అనేవాళ్లు. ఒక శనివారం పెద్దరెడ్డి చిన్నకొడుకు, ఏడేళ్లవాడు, ఒడినిండా ఆకుతో పరుగెత్తుకొస్తూ నాపరాయి అంచు మీద పడ్డాడు. అరచెయ్యి చీలింది. రక్తం ధారగా కారుతోంది.

ఆ ఆకు పసరు పిండితే రక్తం ఆగుతుందని ఆ సీమలో పసిపిల్లలకు కూడా తెలుసు. "నలిపి పిండండిరా!" అని అరిచాను. ఇద్దరు పిల్లలు నలిపారు గానీ పసరంతా గాయం మీద పడక నేలపాలైంది. నేను దెబ్బ తగిలినవాడి మీదికి వంగాను.

"ముట్టుకోవద్దు అయ్యవారూ, వాళ్ల నాయనతో శానా కష్టం" అన్నాడు ఒకడు.

నేను ఆగాను. కాసేపే కావచ్చు, కానీ ఆగాను. బిడ్డ చేతిలోంచి రక్తం పోతుంటే నా ఉద్యోగం సంగతి ఆలోచించాను. అది తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఆ తర్వాత వాడి చెయ్యి లాక్కుని, గుప్పెడు ఆకు నలిపి పిండి, నా పైపంచె చింపి కట్టాను. రక్తం ఆగింది. వాడు ఏడుపు మాని నా భుజానికి తల ఆనించి చాలాసేపు కూర్చున్నాడు.

సోమవారం పెద్దరెడ్డి కొడుకును వెంటబెట్టుకుని బడికి వచ్చాడు. ఉద్యోగం పోయిందనుకున్నాను.

"భయపడొద్దులేప్పా" అన్నాడు. "నిన్ను తప్పుబట్టను. రక్తం కారతాంటే ఎవరైనా పట్టుకుంటారు. వానికి నీళ్లు పోసి ఇంట్లోకి పిల్చుకుంటిమి, అయిపాయ."

"చెయ్యి ఎట్లుండాది?" అన్నాను.

"చెయ్యి బాగుండాది. వానికే నాలుగు తగిలించినా. రక్తం ఆగినాంక గూడా నీ మీద ఆనుకోని కూచున్యాడంట. ఎనక్కి జరగాలని తెలియొద్దా?"

అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో బెత్తం ఉంది. నోట్లో ఎన్ని మాటలున్నాయో! బయటికి వచ్చింది మాత్రం ఒక్కటే: "సరే సామీ."

ఆయన వెళ్లాక కట్టు చూద్దామని పిల్లవాణ్ణి పిలిచాను. రెండడుగుల దూరంలో ఆగి, చెయ్యి వీపు వెనక దాచుకుని, "బాగుండాది అయ్యవారూ" అన్నాడు. తండ్రి వాణ్ణి నాలుగు దెబ్బలే కొట్టాడు. అది న్యాయమేనని వాడి ఎదుట ఒప్పుకున్నది నేను.