మేస్త్రీ విప్పిన చివరి ఇంజన్

మా నాయన దగ్గర ఒక పాత కారుంది. వయసులో నాకంటే పెద్దది, నాకంటే గారాబంగా పెరిగింది. నాయన మామిడి మండీ నడిపిన రోజుల్లో కొన్నాడు. మండీ ఎప్పుడో మూతపడింది గానీ, కారు మాత్రం చిత్తూరులో మా ఇంటి పక్క రేకుల కొట్టంలో ఉండిపోయింది. వారానికోసారి దాన్ని స్టార్ట్ చేసి, ఆ పొగంతా వంటింట్లోకి తోలి, "సూడు, ఎంత బాగా మాట్లాడతాదో" అనేవాడు. ఆ డబ్బాను అమ్మెయ్యమని నేను పోట్లాడని పండగ లేదు. పోయినేడు అది ఆయిల్ తాగడం మొదలుపెట్టి, ఒకరోజు పూర్తిగా మొరాయించింది. నాయనకు అన్నం సయించలేదు.

దాన్ని బాగుచేయగలిగిన మనిషి ఒక్కడే. నాయన స్నేహితుడు, ఊళ్ళో అందరూ మేస్త్రీ అనే మెకానిక్. నాకు మామ వరస. షుగర్ వల్ల ఆయన చూపు సగం పోయింది. మెకానిక్ షెడ్డు కొడుకు చేతికి వచ్చింది. కొడుకు చెడ్డవాడేం కాదు. కాకపోతే, తండ్రిని ఒక మూల కుర్చీలో కూర్చోబెట్టి స్పానర్ ముట్టనిచ్చేవాడు కాదు. మేస్త్రీ మా వసారాలో కూర్చుని నాయనతో అన్న మాట నా చెవిన పడింది.

"ఈ ఇంజన్ నా చేత్తో ఇప్పి, కట్టి, తిప్పినానంటే రేపటినుంచి షెడ్డులో నా పని నేను చేసుకుంటా. తిరగలేదనుకో, నా కొడుకు చెప్పిందే నిజం. ఇంగ స్పానర్ ముట్టనబ్బా."

"తిరగక యాడికి పోతాది?" అన్నాడు నాయన.

మూడు సరుగుడు కొయ్యలు నిలబెట్టి, గొలుసు కట్టి ఇంజన్‌ని పైకి లేపారు. నాయన గొలుసు లాగుతుంటే మేస్త్రీ ఇంజన్ మీద చెయ్యేసి, "నిదానం, నిదానం" అంటూ ఉన్నాడు. కళ్ళు చెప్పనివన్నీ ఆయనకు వేళ్ళే చెప్పేవి. బోల్టుల కుప్పలోంచి కావలసిన సైజు తడిమి తీసేవాడు. నేను నవ్వుతూ, "మామా, నీకు కళ్ళెందుకులే" అన్నాను. ఆయన పొంగిపోయాడు.

ఆ ఇంజన్‌లో పిస్టన్లను మోసే రాడ్లు నాలుగు. ఒక్కో రాడ్డు కింద, చేతి గాజును సగానికి విరిచినట్టుండే ఇనుప క్యాపు బిగిస్తారు. చూడ్డానికి నాలుగూ ఒకేలా ఉంటాయి గానీ, ఏ రాడ్డు క్యాపు ఆ రాడ్డుకే సరిపోతుంది. మార్చి బిగిస్తే ఇంజన్ చెడుతుంది. కంపెనీవాళ్ళు కొట్టిన గుర్తులు ఎప్పుడో అరిగిపోవడంతో, మేస్త్రీ సుద్దముక్కతో గీతలు పెట్టాడు. మొదటి రాడ్డుకూ దాని క్యాపుకూ ఒక గీత, రెండోదానికి రెండు, అలా నాలుగు దాకా. నేను బడిపంతులమ్మను కాబట్టి ఇంట్లో సుద్దముక్కలకు కరువు లేదు.

ఇంజన్ బ్లాకును అరుగుదల సరిచేయించడానికి రేణిగుంటలో లేతు మిషన్ వాళ్ళకిచ్చి ఎదురుచూస్తుండగా ఆయుధ పూజ వచ్చింది. మా ఇంట్లో ఆ రోజు కత్తిపీట దగ్గర్నుంచి నా స్కూటర్ దాకా అన్నిటికీ బొట్టు పడాల్సిందే. మరి టార్పాలిన్ మీద విడివిడిగా పడున్న ఇంజన్‌ను అమ్మ వదులుతుందా? రాడ్లు బరువని వాటికి అలాగే కుంకుమ పెట్టింది. చిన్నచిన్న సామాన్లు మాత్రం తెచ్చి, జిడ్డు పోయేలా శీకాయపొడితో తోమి, అరిటాకులో పేర్చింది. హారతిచ్చింది. మేమంతా కళ్ళకద్దుకున్నాం.

బ్లాకు వచ్చాక మేస్త్రీ గీతలు చూసుకుంటూ అన్నీ బిగించాడు. ఆయన చూపుకు గీతలు కనబడేవి గానీ, అవి ఎవరు గీసినవో తెలిసేంత కాదు. ఇంజన్ చేత్తో తిప్పుతుంటే కొంచెం పట్టేసినట్టుంది.

"కొత్త బేరింగులు గదా, పోనుపోను సర్దుకుంటాది" అన్నాడు.

స్టార్ట్ చేసే రోజు వీధిలో సగం మంది మా వాకిట్లోనే ఉన్నారు. మేస్త్రీ కొడుకు కూడా వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. నాయన తాళం తిప్పాడు. ఇంజన్ అందుకుంది. మేస్త్రీ తన కొడుకు వైపు తిరిగి గడ్డం పైకెత్తాడు. ఆ క్షణంలో నేను కూడా ఆ డబ్బాను ప్రేమించాను. అంతలో లోపల టకటకమని చప్పుడు మొదలైంది. "ఆపప్పా, ఆపు!" అని మేస్త్రీ అరిచేలోపే పెద్ద శబ్దంతో రాడ్డు విరిగి, బ్లాకును పగలగొట్టుకుని బయటికొచ్చింది. నేలంతా నల్లటి ఆయిల్. కొడుకు వచ్చి తండ్రి మోచెయ్యి పట్టుకుని నడిపించుకుపోయాడు. తిట్టినా బాగుండేది.

ఆ సాయంత్రం నాయన తల పట్టుకుని కూర్చుంటే, అమ్మ కాఫీ తెచ్చి పెడుతూ అడిగింది.

"ఆ ఇనప గాజుల మీద గీతలు నేను తోమితే పోయినాయి. గిన్నెల మీద పేరు పోతే రాసుకున్నట్టు మళ్ళీ గీసేసినా. అరిటాకులో పేర్చిన వరసలోనే ఒకటి, రెండు, మూడు, నాలుగు అని గీసినాను. దానికేమైనా అయిందా?"

నాయన కాఫీ ముట్టుకోలేదు. మా ముఖాలు చూసి అమ్మకు సంగతి అర్థమైంది.

తెల్లారగానే అమ్మే నన్ను బయలుదేరదీసింది. మేము వెళ్ళేసరికి మేస్త్రీ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. అమ్మ చెప్పులు విడిచీ విడవకముందే మొదలుపెట్టింది.

"అన్నా, తప్పు నాది. పూజకని తోమి, నీ గీతలు చెరిపి నేను గీసినా. నీ చెయ్యి తప్పలేదన్నా."

ఆయన లేచి కూర్చుని ఆమె వైపు తిరిగాడు. ఆ తర్వాత నవ్వాడు. "నా తప్పు నీ నెత్తినేసుకునేదానికి పొద్దున్నే ఇంత దూరం వచ్చినావా చెల్లెమ్మా?"

"దేవుడి మీద ఒట్టన్నా!"

"నాకోసం దొంగొట్టు పెట్టొద్దు తల్లీ. పూజ చేస్తే యాడన్నా ఇంజన్ చెడతాదా?"

అమ్మ నన్ను ముందుకు నెట్టింది. "నిజమే మామా, అమ్మే గీసింది" అన్నాను. ఆయన నా గొంతు వచ్చిన వైపు తల తిప్పాడు. "నువ్వు గూడానా పాపా?" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. భార్యను కేకేసి మాకు కాఫీ పెట్టమన్నాడు. నేను రాడ్లు, క్యాపులు, వరస అంటూ పిల్లలకు పాఠం చెప్పినట్టు మళ్ళీ చెప్పాను. నేను చెప్పేకొద్దీ ఆయనకు మా మీద ప్రేమ పెరిగిపోతోంది గానీ నమ్మకం మాత్రం కలగడం లేదు. చివరికి ఆయన మా చేతికిచ్చిన కాఫీ తాగి వచ్చేశాం.

తర్వాత నాయన వెళ్ళి చెప్పినా అంతే. మేస్త్రీ మళ్ళీ స్పానర్ ముట్టలేదు. మా ఇంటికి మాత్రం వస్తుంటాడు. వసారాలో కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ "నా పరువు కాపాడేదానికి దేవుడి మీద ఒట్టేసి అబద్ధం చెప్పింది, అట్లాంటి మనిషి యాడుంటాది?" అని అమ్మ గురించి గొప్పగా చెబుతాడు. ఆయన గొంతు వినబడగానే అమ్మ వంటింట్లోకి పోయి తలుపు వేసుకుంటుంది.