అమ్మ కూర్చుని తిన్న శుక్రవారం

మా పాప ఇప్పుడు రెండో తరగతి. స్కూలు బస్సు దిగి ఇంటికొచ్చాక ఒక చేత్తో బొమ్మల పుస్తకం పట్టుకుని, ఇంకో చేత్తో స్పూను తిప్పుతూ పెరుగన్నం తింటుంది. పక్కన నేనున్నానో లేదో కూడా చూడదు. ఒకప్పుడు ఈ పిల్ల నోరు తెరిపించడానికి ఇద్దరు ఆడవాళ్ళం గిన్నె పట్టుకుని ఇల్లంతా తిరిగామంటే తనే నమ్మదు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పుడు తియ్యగా ఉంటాయి. అప్పుడు మాత్రం తల ప్రాణం తోకకొచ్చింది.

అప్పట్లో మేం ఖతర్‌లో, అల్ రయ్యాన్‌లో పార్టిషన్ చేసిన విల్లాలో ఉండేవాళ్ళం. మా వంతుకు రెండు గదులు, మనిషి వెనక్కి తిరిగితే మోచెయ్యి గోడకు తగిలే వంటగది. గేటు దగ్గర ఎప్పుడూ పిల్లులు. నేను ఒక క్లినిక్ ల్యాబ్‌లో పని చేసేదాన్ని. కాన్పు సెలవైపోయింది, జీతం లేని సెలవు కూడా అయిపోవచ్చింది. నాన్న పోయాక అమ్మ ఊళ్ళో ఒక్కతే ఉంటోంది కదా అని విజిట్ వీసా మీద పిలిపించుకున్నాం. నేను డ్యూటీలో చేరాక పగలంతా పాపని అమ్మే చూసుకోవాలి. మా ఆశలన్నీ ఆ ఏర్పాటు మీదే.

అమ్మ సూట్‌కేసు నిండా మనవరాలి సరంజామాయే. బియ్యం, పెసరపప్పు, వాము దోరగా వేయించి పట్టించిన ఉగ్గుపిండి, ఇంటి నెయ్యి, చిన్నప్పుడు నేను తిన్న వెండిగిన్నె. తనకంటూ నాలుగు నేత చీరలు. అన్నప్రాశన ఇంట్లోనే కానిచ్చి పాయసం కాస్త నోటికి రాస్తే పాప మొహం అదోలా పెట్టి, నాలుకతో బయటికి తోసేసింది. కొత్త కదా అనుకుని నవ్వుకున్నాం.

వారం గడిచినా అదే వరస. నేను ఎవరి దగ్గరో వాడిన హైచైర్ కొన్నాను. దాంట్లో కూర్చోబెట్టి, మెడకు గుడ్డ కట్టి, నేను ఒక పక్కా అమ్మ ఒక పక్కా నిలబడేవాళ్ళం. స్పూను దగ్గరికి రాగానే పాప పెదాలు బిగించేది. ఉగ్గు పెడితే ఉమ్మేసింది. అరటిపండు చిదిమి పెడితే కుర్చీకి పూసింది. అమ్మ ఎత్తుకుని గేటు దగ్గర పిల్లుల్ని చూపించేది. పాప పిల్లుల్ని చూసి కేరింతలు కొట్టేది, ముద్ద కనబడగానే తల తిప్పేసుకునేది. అమ్మ ఉప్పూ ఎండుమిరపకాయలూ తీసుకుని దిష్టి తీసింది. ఆ ఘాటుకి పక్క పార్టిషన్లో ఉండే ఫిలిప్పీన్స్ ఆవిడ తలుపు తట్టి, అంతా బాగానే ఉందా అని అడిగి వెళ్ళింది.

హెల్త్ సెంటర్లో మలయాళీ నర్సు పాపని త్రాసు మీద పెట్టి, పోయిన నెలకీ ఈ నెలకీ పెద్ద తేడా లేదంది. కోప్పడలేదు. ఓపిగ్గా పెట్టండి, అలవాటవుతుంది అంది. కరీంనగర్ వైపునుంచి మా ఆయన మేనత్త ఫోన్ చేసి, "దుబాయ్ల తిండి పడ్తలేదేమో పిల్లకు" అంది. ఇది దుబాయ్ కాదు పెద్దమ్మా, ఖతర్ అని నేను ఎన్నోసారో చెప్పాను. ఆవిడ ఎన్నోసారో "ఏదైతేంది బిడ్డా" అంది.

ఇంతకీ నా అసలు బాధ వేరే ఉంది. ఈ పిల్ల వాళ్ళ నాన్న దగ్గర తినేది.

మా ఆయన సైట్ ఇంజనీరు. పెళ్ళికి ముందు చాలాకాలం కంపెనీ రూముల్లో బ్యాచిలర్‌గా ఉన్నారు. అక్కడ అందరూ నేలమీద సుఫ్రా పరుచుకుని ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని తినేవారట. సుఫ్రా అంటే గ్రోసరీలో చుట్టలుగా దొరికే పల్చటి ప్లాస్టిక్ షీటు. తినడం అయ్యాక మడిచి పారేయడమే. ఆ అలవాటు పెళ్ళయినా పోలేదు. నేను ముచ్చటపడి కొన్న డైనింగ్ టేబుల్ మీద ఇస్త్రీ బట్టలుండేవి, ఆయన మాత్రం కింద కూర్చునేవారు. సాయంత్రం నాలుగింటికి వచ్చి, స్నానం చేసి, సుఫ్రా పరిచి అన్నం కలుపుకోగానే పాప ఎక్కడున్నా దోగాడుకుంటూ వచ్చి ఆయన మోకాలు పట్టుకుని నిలబడేది. ఆయన పప్పు తగలని అన్నం అంచునుంచి కాస్త తీసి మెత్తగా నలిపి పెడితే నోరు తెరిచేది. ఖుబూస్ రొట్టె ముక్క నీళ్ళలో ముంచి ఇస్తే చీకుతూ కూర్చునేది.

పొద్దుట్నుంచీ దాని వెంట పడినవాళ్ళం మేమిద్దరం. అది దాచిపెట్టుకున్న ప్రేమంతా ఈయనకి. నాకు ఒళ్ళు మండేది.

"మీరు మందేదైనా కలుపుతున్నారా ఏంటి?" అన్నాను ఒకరోజు.

"నువ్వు గట్ల నెత్తి మీద నిలబడి చూస్తే నాకే ముద్ద దిగది, దానికేం దిగుతది" అన్నారు నవ్వుతూ.

అమ్మ అల్లుడి ముందు ఏమీ అనలేదు. వంటగదిలోకి వచ్చాక నెమ్మదిగా, "తండ్రి పోలికే కాదు, తండ్రి పక్షం కూడానే ఇది" అంది. ఇద్దరం నవ్వుకున్నాం గానీ ఆవిడకీ చిన్నతనంగానే ఉంది. నలుగురు పిల్లల్ని సాకిన మనిషి.

సరిగ్గా నేను డ్యూటీలో చేరడానికి వారం ముందు ఆయన్ని అల్ రువైస్‌లో రేవు దగ్గర పనికి వేశారు. రోజూ వచ్చిపోయేంత దగ్గర కాదు, గురువారం సాయంత్రానికి వస్తారు. మొదటిరోజు నాలుగింటికి పాప తలుపు వైపు చూస్తూ కూర్చుంది. రెండోరోజూ అంతే. తిండి పూర్తిగా బంద్. నా పాలు తప్ప ఇంకేదీ లేదు. నేను వెళ్ళిపోయాక ఆ పాలూ పగలు ఉండవు. సీసా అయితే దానికి గిట్టదు. అమ్మ వెండిగిన్నె పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నా చేతిలో ఏం లోపం ఉందే" అంది. ఉద్యోగం మానేద్దామా అని నేను మొదటిసారి అప్పుడే అనుకున్నాను.

మూడోరోజు మధ్యాహ్నం ఏమైందంటే, నాకు ఆకలేసింది. అంతే. పొద్దున్న టీ తర్వాత ఏమీ తినలేదు. పాప తిన్నాక తిందాంలే అనుకుంటూ, అది తినక, నేనూ తినక, కాళ్ళు తేలిపోతున్నాయి. అమ్మ స్నానానికి వెళ్ళింది. ఉగ్గుగిన్నె పక్కన పడేసి, కుక్కర్లోంచి ఇంత అన్నం, ఇంత ముద్దపప్పు పెట్టుకుని, నెయ్యి వేసుకుని, నేలమీదే చతికిలబడి తినడం మొదలుపెట్టాను. పిల్లని పిలవలేదు. దాని మీద కోపంగా కూడా ఉంది. తింటే తిను, మానితే మాను అనుకున్నాను.

రెండు ముద్దలు తినేసరికి చప్పుడు వినబడింది. పాప దోగాడుకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. నా నోటికేసి చూసింది. నేను నములుతుంటే అదీ ఉత్తినే దవడలాడించింది. తర్వాత కంచంలో చెయ్యి పెట్టింది. గుప్పెడు అన్నం సగం చెవికీ సగం నోటికీ రాసుకుంది. నేను కదల్లేదు. భయమేసింది, కదిలితే మానేస్తుందేమోనని. ఇంకో ముద్ద నేను తిని, చిన్నది ఒకటి దానికి చూపించాను. నోరు తెరిచింది.

అమ్మ తల తుడుచుకుంటూ బయటికొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

ఆ రాత్రి కూడా అలాగే పెట్టాను, అలాగే తింది. మర్నాడు అమ్మ ఒక్కతే ప్రయత్నించింది. పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, గిన్నెలో అన్నం పెట్టుకుని. పెదాలు బిగించేసింది. అప్పుడు నాకు తట్టింది. ఇన్నాళ్ళూ ఈ పిల్ల వాళ్ళ నాన్న తినడం చూసింది. నేను తినడం చూడలేదు. అమ్మమ్మ తినడం అసలు చూడలేదు. మా ఇంటి వరస అది. ముందు పిల్లలు, తర్వాత మగవాళ్ళు, తర్వాత ఇంటికొచ్చినవాళ్ళు, అందరూ అయ్యాక వండినవాళ్ళు. ఎవరూ నాకు నేర్పలేదు. సముద్రం దాటి వచ్చినా, నేనూ పొయ్యి దగ్గర నిలబడి గిన్నెలోదే తినేసి చెయ్యి కడుక్కునేదాన్ని. మేం తినని వస్తువేదో దాని నోట్లో కుక్కుతున్నామని అనుకుని ఉంటుంది పాపం.

"అమ్మా, నువ్వు దాంతో కూర్చుని తినాలి" అన్నాను.

"దానికి పెట్టాక తింటాలే."

"కాదు. దానికంటే ముందు నువ్వు తినాలి."

"పసిదానికి పెట్టకుండా నేను తినడమా" అంది, నేనేదో కానిమాట అన్నట్టు. ఎంత చెప్పినా ససేమిరా అంది. గురువారం దాకా అదే గొడవ.

శుక్రవారం అల్లుడు ఇంట్లో ఉన్నారని అమ్మ గుత్తివంకాయ చేసింది. సుఫ్రా పరిచాం. జరిగిందంతా నేను రాత్రే ఆయనకి చెప్పాను. ఆయన కంచాల ముందు కూర్చోకుండా గరిటె పట్టుకుని నిలబడ్డారు.

"అత్తమ్మా, ఇయ్యాల మీరు కూసోండి. నేను వడ్డిస్త."

"అయ్యో, మీరు వడ్డించడమేంటి బాబూ. మీరు కానివ్వండి. నేను తర్వాత తింటాను."

"ఆదివారం నుంచి ఇంట్ల మీరూ మీ మనవరాలే ఉంటరు. మీరు తింటెనే అది తింటది. యల్లా, కూసోండి."

అల్లుడి మాట కాదనలేదు. కూర్చుంది, కానీ మాకు సగం వీపు పెట్టి, వంటగది వైపు తిరిగి. ఆయన అన్నం పెట్టి, రెండు వంకాయలు వేసి, మసాలా మీద పోశారు. అమ్మ తల వంచుకుని గబగబా తింటోంది, ఎవరో పిలిస్తే లేచి వెళ్ళాలన్నట్టు. ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు కొంగు కాస్త అడ్డం పట్టుకుంటోంది. ఆ చేతి ముద్దలు తినే నేను పెరిగాను. ఆ చెయ్యి తన నోటికి వెళ్ళడం మాత్రం అప్పుడే చూస్తున్నాను. పెళ్ళిళ్ళలో కూడా ఆఖరి బంతికే కూర్చునేది, అప్పటికి మేం నిద్రపోయేవాళ్ళం. కొత్త మనిషిని చూసినట్టు చూస్తూ ఉండిపోయాను.

కంచంలో వంకాయలు రెండూ అంచుకి జరిగాయి. ఉత్త అన్నంలో మజ్జిగ పోసుకుంటోంది.

"ఇంత బాగా కుదిరితే పక్కన పెట్టేశావేంటమ్మా?"

"నాకు పడదే వంకాయ. నోరంతా దురదొచ్చేస్తుంది. చిన్నప్పట్నుంచీ అంతే."

చిన్నప్పుడు మా ఇంట్లో ఆదివారం వచ్చిందంటే గుత్తివంకాయే. నాన్నకి ప్రాణం, నాకూ ప్రాణమే. ఇంకోటి వెయ్యమ్మా, ఇంకోటి వెయ్యమ్మా అని తినేవాళ్ళం.

"ఒక్కసారైనా చెప్పలేదేం?"

"చెప్పడానికేముంది అందులో. ఆఖర్న తినేది నేనొక్కదాన్నేగా. మజ్జిగేసుకుని తినేదాన్ని."

ఆ మాట ఆవిడ మామూలుగానే అంది. మా ఆయన వంగి, ఆ రెండు వంకాయలూ తీసి తన కంచంలో వేసుకున్నారు. అమ్మ కంగారుపడిపోయింది.

"ఎంగిలి బాబూ, ఎంగిలి."

"ఏంగాదత్తమ్మా. మేం ఆరుగురం ఒక్క పళ్ళెంల తిన్నం."

ఈ సందట్లో పాప నా ఒళ్ళోంచి జారి, అమ్మమ్మ కంచం దగ్గరికి చేరి, మజ్జిగన్నంలో రెండు చేతులూ పెట్టేసింది. అమ్మ దాని మొహంలోకి చూసి, నెమ్మదిగా ఒక ముద్ద తను తిని, ఒకటి దాని నోటికి అందించింది. తింది. మళ్ళీ తింది. అమ్మ అప్పుడు మా వైపు పూర్తిగా తిరిగి కూర్చుంది.

సాయంత్రం గిన్నెలు తోముతూ అడిగాను. "పోనీ నీకేం ఇష్టమో చెప్పు. రేపు అదే చేద్దాం."

అమ్మ గిన్నె తుడుస్తూ ఆలోచించింది. "మీ నాన్నకైతే..." అని ఆగింది. "తమ్ముడికి చిన్నప్పుడు..." అని మళ్ళీ ఆగింది. కుళాయి కట్టేసి, "ఏమోనే, ఎప్పుడూ అనుకోలేదు" అంది. నేను ఆవిడ్ని పట్టుకుని ఏడ్చేదాన్నే. చేతులు సబ్బుగా ఉండి ఊరుకున్నాను.

ఆదివారం డ్యూటీకి వెళ్ళాను. మధ్యాహ్నం బ్రేక్‌లో వీడియో కాల్ చేశాను. ఫోన్‌ని నేతి సీసాకి ఆనించి పెట్టినట్టుంది. సుఫ్రా మీద ఇద్దరూ ఎదురెదురుగా ఉన్నారు. పాప బుగ్గల నిండా అన్నం. నాకేసి ఒకసారి చూసి, మళ్ళీ కంచంలోకి చూపు తిప్పుకుంది. అంత నిశ్చింతగా నన్ను పట్టించుకోకపోవడం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఏం వండావమ్మా?"

"దానికి ఉత్త పెసరపప్పు తీసిపెట్టాను. నాకు కాస్త మెంతికూర వేసుకున్నాను. చేదని మీ నాన్న ఎప్పుడూ వండనిచ్చేవారు కాదు."

ఇంకో ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు. తొందరపడకుండా, రుచి చూస్తూ నమిలింది.

"ఇది నాకిష్టమే అనుకుంటానే" అంది.