పలక ముక్క అడిగిన పూట

మొన్న ఆదివారం మా కోడలు కాసేపు ఇంట్లో పెద్ద కంప్యూటరు ముందు, కాసేపు మంచం మీద ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, అటూ ఇటూ తిరుగుతుంటే ఏం చేస్తోందో నాకు అంతుపట్టలేదు. ఆమెకు మార్కాపురంలో పెళ్లిపత్రికలు, ఫ్లెక్సీలు తయారుచేసే దుకాణం ఉంది. చేసిన బొమ్మలన్నీ ఇంటి కంప్యూటరులోనే ఉంటాయి కాబట్టి దుకాణంలో కూర్చునే ల్యాప్‌టాప్‌తో దీన్ని నడిపించుకుంటుంది. అలా తెరిచిన ప్రతిసారీ ఇది పాస్‌వర్డ్ అడుగుతుందట, గిరాకీ ఎదురుగా నిలబడి ఉండగా అంత పొడుగుది కొట్టలేక, ఒక్క అక్షరం తప్పితే మళ్లీ మొదటికి వచ్చి, ఆమెకు విసుగు పుట్టింది.

"ఇంక అడగదత్తా. రెండు కీలు చేసినా. ఒకటి నా ల్యాప్‌టాప్‌లోనే ఉంటది, దాని జత ఇంట్లోదాంట్లో పెట్టినా. నేను అక్కడనుంచి తలుపు కొడితే ఆ రెండూ జతేనా అని చూసుకొని అదే తెరుస్తది" అంది.

"ఇదేం కొత్తమ్మే? మీ మామా నేనూ ఎప్పుడో చేసినాం" అన్నాను. ఆమె నవ్వింది గానీ నేను నవ్వులాటకు అనలేదు.

సంతకం గీయడం తప్ప నాకు చదువు లేదు. పెద్దారవీడు దగ్గర మా ఊరికి నేను కాపురానికి వచ్చిన కొత్తలో, ఎండాకాలం వస్తే మా ఆయన గొర్రెల మందను తోలుకుని నల్లమల అంచుకు పోయి వానలు పడేదాకా అక్కడే ఉండేవాడు. గింజలు కావాలన్నా, మందులు కావాలన్నా ఇటు వచ్చే మనిషితో కబురు పంపేవాడు. మన ఈడు వాళ్లకు తెలియనిది కాదు, అప్పట్లో మాటే ఉత్తరం. ఒకసారి ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు వచ్చి, మీ ఆయన తెమ్మన్నాడని చెప్పి, ఇంటి దగ్గర మేపుతున్న పొట్టేలును తోలుకుపోయాడు. మా ఆయన ఎవరినీ పంపలేదని తర్వాత తెలిసి నాలుగు రోజులు ఏడ్చాను.

మా నాయన తర్లుపాడు దగ్గర పలకల గనిలో పనిచేసేవాడు. సంగతి విని, పనికిరాని పలక ఒకటి తెచ్చి, అడ్డంగా విరిచి, ఒక ముక్క మా ఆయనకూ ఒకటి నాకూ ఇచ్చాడు. విరిగిన అంచు ఒక్కో పలకకు ఒక్కో తీరుగా ఉంటుంది, ఎంత నేర్పరి అయినా అచ్చం అలాంటిదే చెయ్యలేడు. వచ్చిన మనిషి ముక్క ఇస్తే నా ముక్కకు ఆనించి చూసేదాన్ని. సందు లేకుండా కూర్చుంటే ఊరూ పేరూ అడగకుండా కావలసింది ఇచ్చి, ఆ ముక్కను అతని చేతనే తిప్పి పంపేదాన్ని. చదువు రాని నాకు అదొక అధికారం. కోడలి కీ ఆమె దగ్గరనుంచి కదలదట, మా ముక్క మాత్రం నలుగురి చేతుల్లో తిరిగేది.

మా ఆయనకు ఒక్కడే తమ్ముడు. మా మరిది వాకిట్లో చెప్పులు విడిచి నేరుగా వంటింట్లోకి వచ్చి, కుండ మూత ఎత్తి చూసి, "ఏంది వదినా, ఇయ్యాల గూడా గోంగూరేనా? అడివిలో అన్నే నయం, ఇంతకంటే మంచిగ తింటాడు" అని ఎగతాళి చేస్తూనే తనే వడ్డించుకుని తినేవాడు. వేరు పడినప్పుడు ఎద్దులు మా వంతుకు రావడంతో అన్నదమ్ముల మధ్య మాటా మాటా పెరిగింది. అయినా మరిది రాకపోకలు ఆగలేదు.

వేరు పడిన ఏడాది ఎండాకాలంలో ఒక పొద్దున మరిది చెమటలు కక్కుతూ వచ్చి, మంద దగ్గర అన్నకు జ్వరం వచ్చి స్పృహ తప్పిందని, మార్కాపురం ఆసుపత్రికి తీసుకుపోవడానికి ఎద్దులూ బండీ ఇమ్మని అడిగాడు. ఊళ్లో ఉన్న ఇంకొక బండి సంతకు పోయింది. నా చూపు ఆయన ముఖం మీదికి పోలేదు, చేతుల మీదికి పోయింది.

"ముక్క ఏది?" అన్నాను.

"ముక్కేంది వదినా! మనిషి సోయిలో లేడంటుంటే. యాడ పెట్టినాడో ఎవురికి తెలుసు?"

"ముక్క లేకుండా నన్ను కన్నోడొచ్చినా ఇయ్యను. అయినా సరిగ్గా ఎద్దులే కావాల్సి వచ్చినాయా నీకు?"

ఆయన వచ్చిన దారినే పరుగెత్తాడు. నేనూ వెంట పోయి చూసి ఉండాల్సింది. ఆ ఆలోచనే రాలేదు. ఎద్దులకు ఇంత మేత వేసి, మోసపోలేదులే అని ధైర్యంగా కూర్చున్నాను. పొద్దు వాలే వేళకు ఆయన మళ్లీ వచ్చి, ముక్కను అరుగు మీద పెట్టి, నా వైపు చూడకుండా బండి కట్టడానికి పోయాడు. దాన్ని ఆనించి చూడవలసిన పని లేకపోయింది, చీరుకుపోయిన ఆయన కాళ్లు చూస్తేనే చెప్పింది నిజమని తెలిసింది.

మా ఆయన బతికాడు. ఎడమ చెవి మాత్రం ఇంక వినపడలేదు. పొద్దునే తెచ్చి ఉంటే ఆ చెవి నిలిచేదా అని డాక్టరును అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. మా ఆయన నన్ను తప్పు పట్టకపోగా, నువ్వు చేసిందే సరి అన్నాడు. మరిదీ ఏమీ అనలేదు, మా మంచికీ చెడ్డకూ ముందు నిలబడ్డాడు. కానీ ఆ తర్వాత మా ఇంటికి ఎప్పుడు వచ్చినా గడప బయటే ఆగి, "వదినా, రావచ్చునా?" అని అడిగేవాడు. నీకు అడగాల్నా అబ్బాయా అని ఎంత బతిమాలినా ఆ అలవాటు మానలేదు. లోపలికి వచ్చి, పీట వేస్తే కూర్చుని, పెట్టింది తిని పోయేవాడు. ఒక్కనాడూ కూరకు వంక పెట్టలేదు. మా ఆయన పోయిన రెండేళ్లకు ఆయనా పోయాడు.

ఇదంతా విని కోడలు ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. తర్వాత, పాస్‌వర్డ్‌తో వచ్చే దారిని పూర్తిగా మూసేస్తే భద్రమంటారు, మూసేయనా అత్తా అని అడిగింది. మూసెయ్యమన్నాను. అది మిషను, ముఖం చూసి పోల్చుకోలేదు, రావద్దంటే దాని మీద అలిగేవాళ్లూ ఉండరు.

ఇప్పుడు బ్యాంకుకు పోయినా, రేషను దుకాణానికి పోయినా వేలిముద్ర వేయందే పని కాదు. మన ఈడు వాళ్లం నలుగురం కలిస్తే, కాలం మారింది, మనిషి మాటకు విలువ పోయింది అనుకుంటాం, నేనూ తల ఊపుతాను. ఊపుతానే గానీ, మా ఊరికి కరెంటు కూడా సరిగా రాని ఆ రోజుల్లోనే, సొంత మనిషి ఒకడు నా గడప బయట నిలబడి లోపలికి రావచ్చునా అని అడగడం మొదలుపెట్టాడు.