ఆంటీ చూపించిన కందిరీగలు

కుందలహళ్ళిలో మేముండే పీజీ హాస్టలు నడిపే ఆంటీ పోయిన మంగళవారం కన్నుమూశారు. ఆవిడ గురించి కుదురుగా కూర్చుని నాలుగు మాటలు రాద్దామంటే కుదరడం లేదు. ఒక వాక్యం రాసి లేస్తున్నాను, మోటారు ఆపానో లేదో చూసి వస్తున్నాను.

ఆంటీ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యారు. ఇంటిమీద రెండంతస్తులు లేపి, ఉద్యోగాలకొచ్చిన తెలుగు ఆడపిల్లలకు అద్దెకిచ్చారు. గుంటూరు నుంచి వచ్చి చేరిన వారమే నేను వంటింటి సజ్జా కింద కందిరీగల గూడు చూసి కిరసనాయిలు అడిగాను. ఆవిడ కుర్చీ తెచ్చి నన్ను ఆ గూటికెదురుగా కూర్చోబెట్టారు.

“దీంట్లో రాణి ఏదో చెప్పు చూద్దాం.”

హడావుడిగా తిరిగేదాన్ని చూపించాను. ఆవిడ నవ్వి, ఓ మూల కదలకుండా కూర్చున్నదాన్ని చూపించారు. “అదీ రాణి. ఎవురికీ పని చెప్పదు. ఒకటి పురుగు తెస్తాది, ఇంకోటి పిల్లలకి పెడతాది. గూడు జరుగుతా ఉంటాది.”

ఆవిడ ఇల్లూ అలాగే నడిచింది. హాల్లో కూర్చుని, నానబెట్టిన అనపగింజల తొక్కలు పితుక్కునేవారు, అంతే. పాలు ఎవరో తెచ్చేవాళ్ళు, ట్యాంకు ఎవరో చూసేవాళ్ళు. నాకు జ్వరమొస్తే మాత్రం రాగిగంజి తానే కాచి పక్కన కూర్చున్నారు. ఈ ఊళ్ళో నాకు మనుషులున్నారని ఆ రోజే అనిపించింది.

ఒకసారి ఆ రాణి కనబడకుండా పోయింది. ఆ పూటే ఇంకో కందిరీగ రెచ్చిపోయి, కనబడినదాని మీదల్లా పడి కరవడం మొదలెట్టింది. “దీనికెంత పొగరో” అన్నాను.

“పొగరు కాదప్పా. రేపు రాణి అయ్యేది అదే. గూడు చెదరకుండా నిలబడేదాకా దానికి నెమ్మది ఉండదు. కొన్నాళ్ళు ఓర్చుకో, దానికదే సర్దుకుంటాది.”

సర్దుకుంది కూడా. గుడ్లు పెట్టింది, మెత్తబడింది.

ఇప్పుడు ఆంటీ తమ్ముడు పీజీ మూసేద్దామంటున్నారు. బాధ్యతగా నడిపేవాళ్ళుంటే చూద్దామన్నారు. మూస్తే ఈ పిల్లలంతా తలో దిక్కూ పోవాలి. నాకు ఏడుపు రావడం లేదు, కోపం వస్తోంది. వంటామెతో పేచీ పెట్టుకున్నాను. గీజరు ఆపలేదని అరిస్తే కొత్తగా చేరిన కడప అమ్మాయి నిన్న ఏడ్చేసింది. ఇంత నోరు నాకెక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. ఆవిడ లేని హాల్లోకి మాత్రం అడుగు పెట్టలేకపోతున్నాను.

ఈ ఉదయం నీళ్ళ ట్యాంకరు వచ్చింది. డ్రైవరు పైపు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. “ఇంట్లో పెద్దోళ్ళు ఎవురుండారు?” అని అడిగాడు.

మెట్లమీద నోట్లో బ్రష్షులతో నిలబడ్డ పిల్లలంతా, ఆ కడప అమ్మాయితో సహా, నావైపు చూశారు.