కాగితం చాలని రాసింది నేనే

మా వీధి వీడియో మామ పోయాడు. పోయిన గురువారం పొద్దున పుంగనూరులో ఒక పెళ్లి మండపంలో స్టాండు బిగించి, కెమెరా దాని మీదికెక్కించి, "కొంచెం నీళ్లియ్యండప్పా" అని కుర్చీలో కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. కబురు చెప్పినాయన ఫోను పెట్టేసే ముందు ఒక మాట కలిపాడు: "పెళ్లి ఆగలేదులే సార్. ఇంకొకాయన్ని పిలిపించినారు." ఒళ్లు మండిపోయింది నాకు. ఆ మంట ఆయన మీద కాదని తర్వాత తెలిసింది.

ఈ పేపర్లో నేను ఎవరో ఒకర్ని తిడుతూ రాయడం మీకు అలవాటే. ఇవాళ తిట్టాల్సినవాడు దూరంగా లేడు.

చనిపోయినవాళ్లందరినీ సాధువుల్ని చేసే రాతలు నాకు పడవు. మామ సాధువు కాదు. నోరు మంచిది కాదు. మదనపల్లె నుంచి కుప్పం దాకా ఆయన తిట్టని పెళ్లికూతురి తండ్రి ఉండడు. భోజనాల మొదటి పంక్తిలో తనకు ఆకు వేయకపోతే కెమెరా మూతపెట్టి కూర్చునేవాడు. స్టాండు కాళ్లు సరిచేసేటప్పుడు పైన మట్టం చూపే నీటిబుడగ నడిమధ్యకు వచ్చేదాకా ఊపిరి బిగబట్టేవాడు. అప్పుడెవడైనా వచ్చి దానికి ఆనుకున్నాడా, "అది మీ అత్తగారింటి గోడ కాదప్పా, ఆనుకునేదానికి!" అని మండపమంతా వినిపించేలా అరిచేవాడు. మండపం అలంకరించేవాళ్లతో ఆయనకు నిత్యం తగాదానే. నీలం లైట్లు వేస్తే, "పెళ్లికి పిల్చినారా, చేపలతొట్టికి పిల్చినారా?" అనేవాడు.

తెలుపు సంగతి చెప్పాలి. వీడియో కెమెరాకు ఏది తెలుపో దానంతటదే సరిగ్గా తెలియదు. పసుపు బల్బూ ట్యూబులైటూ కలిసినచోట మరీ తికమక పడుతుంది. కాబట్టి పెళ్లికూతురు కూర్చునే వెలుతురులోనే తెల్లటిది ఒకటి నిలబెట్టి, దాన్ని కెమెరా నిండా చూపించి, మీట నొక్కి, ఇదీ తెలుపంటే అని నేర్పాలి. మామ పెట్టే తెల్లటి వస్తువు ఏమిటో ఈ చుట్టుపక్కల పెళ్లిళ్లకు వెళ్లినవాళ్లందరికీ తెలుసు. ఆయన ఆ ఇంట్లో తెల్లచీర కట్టుకున్న ముసలామెను పిలిచేవాడు.

కుప్పంలో మా చెల్లెలి పెళ్లి. నాన్న అప్పటికే లేడు. మా అమ్మ కూతురి పెళ్లిలో వంటల దగ్గర, ఆకుల కట్టల వెనక కూర్చుని ఉంది. నేను వితంతువులు శుభకార్యాల్లో ఎదురుపడకూడదనే ఆ ఆచారం మీద అప్పటికే ఎన్నో వ్యాసాలు రాసినవాణ్ణి, అమ్మను అక్కణ్ణించి కదిలించలేక విసుగెత్తి బయట నిలబడ్డాను. లోపల మామ గొంతు వినిపిస్తే తొంగిచూశాను.

"అమ్మా, నువ్వే. అట్లా వచ్చి పీట కాడ నిలబడు."

"నేను యాలప్పా, వద్దు," అంది అమ్మ.

పెళ్లికొడుకు పెదనాయన కస్సుమన్నాడు. "ఏమయ్యా, ముత్తయిదువలు ఇంతమంది ఉండంగా ఆమెనా పిల్చేది?"

"పట్టుచీరల్తో నేనేం జేసుకునేదప్పా! నాకు తెలుపు కావల్ల. తెలుపు సూపీకపోతే మీ కోడలి మొకం కామెర్లొచ్చినట్టు పడతాది. రేపు మీరు క్యాసెట్టు తెచ్చి నా మొకాన కొడితే నాకు సంబంధం లేదు."

పెదనాయన కాసేపు అటూ ఇటూ చూశాడు. కామెర్ల కోడలంటే మాటలా! "సరే, బిన్నే కానీ, ముహూర్తం దాటిపోతాది," అన్నాడు.

అమ్మ వచ్చి పీట దగ్గర, నిండు వెలుతురులో నిలబడింది. "కొంగు ఇట్లా పరువమ్మా. కదలాకు. మొకం ఇటు తిప్పు." మీట నొక్కడానికి ఎంతసేపు కావాలి? మామ తొందరపడలేదు. అయ్యాక కూడా ఆమెను పోనీయలేదు. "ఈడనే ముందర కూర్చో. లైట్లు మారిస్తే మళ్లా కావల్ల." అట్లా అమ్మ తన కూతురి మెళ్లో తాళి పడటం ఎదురుగా కూర్చుని చూసింది.

ఎందుకిలా చేస్తున్నావని ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు: "నాకు తెలుపు కావల్ల. నీ సంస్కరణలు నీ మీటింగుల్లో సూసుకో." కాగితం పెట్టొచ్చు కదా అంటే, కాగితం నీలం కొడతాదనీ, ఉతికి ఉతికి అరిగిన నూలు తెలుపే తెలుపనీ అనేవాడు. నిజమో కాదో నాకు తెలియదు. ఊరుకోవాల్సింది. పోయిన సంవత్సరం ఇంకో వీడియో ఆయన్ని అడిగాను. "తెల్లకాగితం చాలు సార్, మామ ఊరికే అట్ల జేస్తాడు," అన్నాడు. నాకు గంతులేయాలనిపించింది. ఇంటికొచ్చి రాసేశాను. ఈయనకు కాగితం చాలు, అయినా వితంతువును పీట దగ్గర నిలబెడుతున్నాడు, ఇది మీ మూఢాచారం మీద తిరుగుబాటు అని. మామ ఫోటో కూడా వేయించాను. రామకుప్పం నుంచి వెంకటగిరికోట దాకా ఫోన్లలో తిరిగింది. మీరు మెచ్చుకున్నారు. నేను పొంగిపోయాను.

మామ మాత్రం మా గుమ్మంలోనే నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

"ఇన్నాళ్లూ ఎవురికీ అనుమానం రాకుండా నడిచిండాది. నువ్వు పేరు పెట్టినావు గదప్పా. ఇంగ దాన్ని యాడ దాసేది?"

నేను వాదించాను. దాచడం ఎందుకు, మంచి పనిని బాహాటంగా చెయ్యాలి, చాటుగా చేసింది సంస్కరణ కాదు అన్నాను. సిగ్గులేకుండా చాలాసేపు అన్నాను.

"నీ మాట నిజమేలే," అన్నాడు మామ. "ఇప్పుడు ఆ ముసిలమ్మల్ని ఏమని పిల్చేదో అది సెప్పు."

నా మాట కోసం ఆగకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఈ ఎండాకాలం వెంకటగిరికోటలో మా బంధువుల పెళ్లి. మామ స్టాండు బిగించి, బుడగ సరిచూసి, తలెత్తేసరికి పెళ్లికొడుకు మేనమామ ఎదురుగా ఉన్నాడు, చేతిలో తెల్లకాగితం పట్టుకుని. "ఇదో మామా, నీ పని దీంతోనే అయితాదంట గదా. పేపర్లో రాసుండారు." చుట్టూ నవ్వులు. మామ నా వైపు చూశాడు. నేను లేచి ఉపన్యాసం అందుకోబోయాను. "కూర్చోప్పా, ముహూర్తం," అన్నాడాయన. కాగితాన్ని పీట మీదికి పట్టించి మీట నొక్కాడు. రెప్పపాటులో అయిపోయింది. ఆ తర్వాత ఏ పెళ్లిలోనూ ఆయన ఎవర్నీ పిలవలేదని విన్నాను.

చాటుమాటు పనులతో సమాజం మారదు అని మీరంటారు. నేనూ అంటాను, రేపు మళ్లీ రాస్తాను కూడా. కానీ మా అమ్మ వెలుతురులో నిలబడింది నా వ్యాసాల వల్ల కాదు. ఆమెను అక్కణ్ణించి దించింది మాత్రం నా వ్యాసమే. ఇప్పుడు ఇంత ధైర్యంగా ఇదంతా రాస్తున్నానంటే, ఇక నేను చెడగొట్టడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి.

ఆ రోజు వెంకటగిరికోటలో అమ్మను వెతుక్కుంటూ వెళ్లాను. చివరి వరసలో, స్తంభం పక్కన కూర్చుని ఉంది. చీరకు గంజి పెట్టి ఇస్త్రీ చేయించుకుని వచ్చింది. ఎప్పుడు చేయించుకుందో నాకు తెలియదు. మడత నలగకుండా కొంగును రెండు చేతుల మీదా పరుచుకుని పట్టుకుంది.

"లైట్లు ఏసినట్టుండారే," అంది. "వీడియో అన్న పిల్చినాడా?"

మేళం మొదలైంది. అమ్మ ముందువాళ్ల తలలు తప్పించుకుంటూ మండపం వైపే చూస్తోంది, కొంగు మాత్రం కిందికి దించలేదు.