వారం మందు

నా చిన్నప్పుడు ఒక మధ్యాహ్నం మా నాయనమ్మ చేపల పులుసు కలిపిన ముద్ద నోట్లో పెట్టుకుని, నమలకుండా, మింగకుండా కళ్ళు మూసుకుని కూర్చుండిపోయింది. కాసేపటికి ఆ ముద్దను తీసి కంచం పక్కన పెట్టేసింది. పులుసును వద్దనుకునే మనిషి కాదు ఆవిడ. నోరు తెరవమంటే తెరిచింది. నాలుక మీద, బుగ్గల లోపల అంతా ఎర్రటి పుళ్ళు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ వారమంతా పొద్దున్నే ఆవిడకి మాత్ర, మంచినీళ్ళు అందించింది నేనే. మా ఇంట్లో ఏదో జరగకూడనిది జరుగుతోందనీ, అందులో నా చెయ్యి ఉందనీ ఆ క్షణంలోనే నాకు తెలిసిపోయింది.

మాది కొల్లేటి ఒడ్డు ఊరు. ఏలూరు వెళ్ళాలంటే బస్సులో గంట పైనే. సెల్‌ఫోన్లు ఊళ్ళోకి అప్పుడప్పుడే వస్తున్న రోజులు. నాయనమ్మ తుంగ చాపలు అల్లేది. రెండేళ్ళుగా ఆవిడ వేళ్ళ కణుపులు వాచిపోతున్నాయి. పొద్దున లేవగానే పిడికిలి పట్టదు. ఎండ గుమ్మంలోకి వచ్చేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని అలా చూస్తూ కూర్చునేది. అల్లిక ఆగిపోతే తన బతుకు ఆగిపోయినట్టేనని ఆవిడ బెంగ.

పక్కింటి అక్క హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో పనిచేసేది. కీళ్ళవాతానికి మందులు వెతకడం ఆమె పని. వాపు తెప్పించిన ఎలుకల కాళ్ళను రోజూ కొలిచి రాసుకునేదట. "ఎలుకల కాళ్ళు పట్టుకోడానికా మీ నాన్న నిన్నంత చదివించింది?" అని నాయనమ్మ ఆటపట్టించేది. సెలవులకు వచ్చినప్పుడు అక్క ఆ చేతులను తన చేతుల్లోకి తీసుకుని, ఈ జబ్బు ఏమిటో మా ఊరి మాటల్లో చెప్పింది. చేపల చెరువుకి కాపలా పెట్టిన మనిషే మతి తప్పి చెరువులో చేపలను పట్టుకుపోతే ఎలా ఉంటుందో, మన ఒంట్లో కాపలా కూడా అలా మన కీళ్ళ మీదే పడుతోందట.

"అయితే ఆ కాపలావాడిని మాన్పించెయ్యమ్మా" అంది నాయనమ్మ.

"మాన్పిస్తే దొంగలు పడతారండీ మామ్మగారూ. వాడి జోరు కాస్త తగ్గించాలి, అంతే."

అక్కే ఆవిడను ఏలూరు తీసుకెళ్ళి కీళ్ళ డాక్టరుకి చూపించింది. ఆయన పది మాత్రల అట్ట ఒకటి రాశారు. చీటీ మీది రాత మాలో ఎవరికీ అంతుపట్టలేదు. అక్క చెప్తుంది కదా అనుకున్నాం. సెలవు అయిపోయి బస్సెక్కబోతూ అక్క మా గుమ్మం దగ్గర ఆగింది. "మామ్మగారూ, ఇది వారం మందండీ. మధ్యలో మానకూడదు, జాగ్రత్త" అని చెప్పి వెళ్ళిపోయింది.

వారం మందు అంటే వారం రోజులు వాడే మందు అనుకున్నాం. మా ఊళ్ళో జ్వరానికి మూడు రోజుల మందు, దగ్గుకి ఐదు రోజుల మందు ఇచ్చేవారు. ఇదీ అలాంటిదే అనుకుని రోజుకొకటి చొప్పున నాయనమ్మ నిష్ఠగా మింగింది. ఒక రోజు మర్చిపోతే నేనే గుర్తు చేశాను కూడా.

పుళ్ళు చూశాక నాన్న పక్కింటి ఫోన్లో అక్కకి చెప్పారు. అట్టలో ఎన్ని మిగిలాయో చూడమంది. నేను పరుగెత్తి చూసొచ్చాను. మూడు. నాన్న ఆ మాట చెప్పగానే, ఇప్పుడే ఏలూరు తీసుకెళ్ళండి, నేనూ బయల్దేరుతున్నాను అంది.

మర్నాడు ఆస్పత్రిలో నాయనమ్మ జ్వరంతో మూలుగుతుంటే అక్క మంచం పక్కన నేల మీద కూర్చుంది. కాపలావాడి జోరు తగ్గించడం కాదు, వాడు పూర్తిగా పడిపోయాడు. ఇక ఏ దొంగైనా లోపలికి రావచ్చు. ఆ మాత్ర వారానికి ఒక్కటే వేసుకోవాలట. "తప్పు నాదండీ బాబాయిగారూ" అంది మా నాన్నతో. "ఆదివారం మాత్ర అని ఉంటే సరిపోయేది. వారానికి ముందు రెండక్షరాలు పెట్టలేకపోయాను." నేను గోడవైపు తిరిగి ఏడుస్తున్నాను. నన్ను దగ్గరకు లాక్కుని, "నువ్వు చేసింది నేను చెప్పిన పనే. నేను సరిగా చెప్పలేదు" అంది. మందు గురించి ఎవరేం చెప్పినా, విన్నది మళ్ళీ మన మాటల్లో వాళ్ళకి చెప్పాలనీ, వాళ్ళు అవునన్నాకే మాత్ర తీయాలనీ నేర్పింది. అప్పటికప్పుడు ఆ మాటే నాతో తిరిగి చెప్పించింది.

నాయనమ్మ బతికింది. ఇరవై రోజుల తర్వాత సగం జుట్టుతో ఇంటికొచ్చింది. కానీ ఆ మందు మళ్ళీ ముట్టలేదు. సరిగా వేసుకుంటే చేతులు నిలబడతాయని అక్క వచ్చినప్పుడల్లా బతిమాలేది. "నీ తప్పేం లేదమ్మా, నా చెవుల తప్పు" అనేది గానీ నోరు తెరిచేది కాదు. ఎలుకలకి పెట్టాల్సిందాన్ని మనిషికి పెట్టిందని వీధిలో ఆడవాళ్ళు అక్క వినేలాగే అనేవారు. నాయనమ్మ వేళ్ళు ఒక్కొక్కటే వంగిపోయాయి. సగం అల్లిన చాప ఒకటి గోడకి చాలాకాలం ఆనించి ఉండేది. చివరి రెండేళ్ళూ ఆవిడకి అన్నం నేనే కలిపి పెట్టాను. ఒక్క మాట వల్ల పోయింది ఆవిడ ప్రాణం కాదు, నమ్మకం. దాంతోపాటే చేతులు.

ఇప్పుడు మేము తాడేపల్లిగూడెంలో ఉంటున్నాం. నాకు ఇద్దరు పిల్లలు. ఏడేళ్ళ మా అమ్మాయి మూడు నెలలుగా పొద్దున లేవగానే గౌను బొత్తాం పెట్టుకోలేకపోతోంది. ఎండ వచ్చాక పెట్టుకుంటోంది. మొదటిసారి అది చూసిన పొద్దున నా చేతిలోని పాలగ్లాసు పక్కన పెట్టేసి, తన వేళ్ళ కణుపులు తడిమాను. ఈరోజు డాక్టరుగారు జబ్బు పేరు చెప్పి మందు రాశారు. అదే మందు, చిన్న మోతాదులో. ఎప్పుడు, ఎన్ని వెయ్యాలో నేను ఆయనకి రెండుసార్లు తిరిగి చెప్పాను. ఆయన విసుక్కోలేదు. అయినా భయం పోలేదు. మా ఆయన, పిల్లలు పడుకున్నాక ఆ అట్టను ముందు పెట్టుకుని ఇదంతా రాస్తున్నాను. అక్క ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలియదు.

పై మాటలు రాత్రి రాసినవి. ఈ నాలుగు ముక్కలు పొద్దున రాస్తున్నాను. ఈరోజు ఆదివారం. చర్చి నుంచి వచ్చాక పిల్లలిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి అట్ట చూపించాను.

"ఇది ఆదివారం మాత్ర. చర్చి నుంచి వచ్చాక ఒక్కటే. సోమవారం నేనే ఇవ్వబోయినా సరే, నా చెయ్యి పట్టుకుని ఆపాలి" అన్నాను. "ఇప్పుడు నేనేం చెప్పానో మీరిద్దరూ నాకు చెప్పండి."